అక్టోబరులో కత్తిరించకండి: మన నెల్లూరు వానల్లో పసుపు గుత్తి గులాబీల సంగతి

కావలి నుంచి అడిగిన వారి ప్రశ్న క్లుప్తంగా ఇది. ఆగస్టులో బండి మీద అమ్మే అతని దగ్గర మూడు పసుపు గుత్తి గులాబీలు, అంటే ఫ్లోరిబండాలు, కొన్నారు. తెచ్చినప్పుడు ఒక్కో మొక్కకు పది పదిహేను పూలున్నాయి. రెండింటిని నేలలో, ఒకదాన్ని కుండీలో పెట్టారు. ఇప్పుడు కింది ఆకులు నల్లమచ్చలు పడి రాలిపోతున్నాయి, కొత్త చిగురు పసుపుగా వస్తోంది, పూసిన పువ్వు రెండో రోజుకే తెల్లబడుతోంది. అక్టోబరులో కత్తిరిస్తే సంక్రాంతికి విరగబూస్తాయని వీడియోల్లో చూశారట. కత్తిరించాలా, అసలు మన ఎండలకు, మన బోరు నీళ్లకు పసుపు గులాబీ బతుకుతుందా అని అడిగారు.

ముందు సమాధానం చెప్పేస్తాను. బతుకుతుంది, బాగా పూస్తుంది. కానీ ఇప్పుడు కత్తిరించకండి. డిసెంబరు రెండో వారం దాటేదాకా కటర్ పక్కన పెట్టేయండి. ఈలోగా నల్లమచ్చకు మందు కొట్టండి, బోరు నీళ్లు ఎంత ఉప్పగా ఉన్నాయో చూసుకోండి, కుండీలో ఉన్నదాన్ని మధ్యాహ్నం ఎండ తగలని చోటికి మార్చండి. మిగతాదంతా ఈ మాటలకు వివరణే.

నేను ఇరవై రెండేళ్లుగా గులాబీలు పెంచుతున్నాను. మొదటి తొమ్మిదేళ్లు ఒంగోలులో, నల్లరేగడి నేలలో. ఆ తర్వాత మావారి ఉద్యోగం మారి నెల్లూరు వచ్చాం. ఇప్పుడు ఇంటి ముందూ మేడ మీదా కలిపి నలభై దాకా ఉన్నాయి, వాటిలో పదకొండు పసుపు ఫ్లోరిబండాలు. ఎర్ర గులాబీ ఎవరి చేతిలోనైనా పూస్తుంది. పసుపుకి మాత్రం కొంచెం తెలుసుకుని చేయాలి. నేను పోగొట్టుకున్న మొక్కల్లో ఎక్కువ పసుపువే, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

అక్టోబరులో ఎందుకు వద్దంటున్నాను

గులాబీల మీద మనం చదివేవీ చూసేవీ చాలావరకు ఢిల్లీ, పుణె, బెంగళూరు, హైదరాబాద్ వాళ్లు చెప్పేవి. ఉత్తరాదిలో సెప్టెంబరుకే వానలు వెనక్కి పోతాయి. హైదరాబాద్‌లో కూడా అక్టోబరు మధ్యకల్లా తెరిపి వస్తుంది, ఆ తర్వాత చలి మొదలవుతుంది. అక్కడ అక్టోబరులో కత్తిరిస్తే కొత్త చిగురు పొడి గాలిలో, లేత ఎండలో పెరుగుతుంది. వాళ్లు చెప్పేది వాళ్ల ఊరికి నూటికి నూరుపాళ్లు సరైన మాట.

మన లెక్క వేరు. నెల్లూరు జిల్లాలో ఏడాదంతా పడే వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. ఒంగోలు తీరానికీ ఈశాన్య రుతుపవనాల వాటా పెద్దదే. మార్కాపురం, గిద్దలూరు వైపు వెళ్లేకొద్దీ ఆ ఉధృతి తగ్గుతుంది కాబట్టి అక్కడి వాళ్లు నేను చెప్పే తేదీల కంటే రెండు వారాలు ముందే పని మొదలుపెట్టుకోవచ్చు. మనకు మాత్రం, వాళ్ల గులాబీల కాలం ఎప్పుడు మొదలవుతుందో అప్పుడే ముసురు పడుతుంది.

కత్తిరించాక ఏం జరుగుతుందో చూడండి. పది పన్నెండు రోజుల్లో మొక్క నిండా లేత చిగురు వస్తుంది. నల్లమచ్చ తెగులుకు అన్నిటికంటే సులువుగా దొరికేది ఆ లేత ఆకే. ఈ శిలీంధ్రం ఆకులోకి దిగాలంటే ఆకు మీద తడి ఏకధాటిగా ఏడు గంటల దాకా ఉండాలి. నవంబరు ముసురులో ఏడు గంటలేం ఖర్మ, మూడు రోజులు ఆరదు. రెండోది, కోసిన ప్రతి కొమ్మ చివరా పచ్చి గాయమే. వాన నీళ్లు ఆ గాయం మీద నిలిచి కొమ్మ పైనుంచి కిందికి నల్లబడుతూ వస్తుంది. దాన్నే కొమ్మ ఎండు తెగులు అంటాం. పసుపు రకాలకు ఇది ఎర్రవాటి కంటే త్వరగా సోకడం నా తోటలో ఎన్నోసార్లు చూశాను.

2015లో నేను అచ్చం మీరు అడిగినట్టే చేశాను. అక్టోబరు ఇరవై ప్రాంతంలో ఏడు పసుపు మొక్కల్ని చక్కగా, పుస్తకంలో బొమ్మ చూపించినట్టు కత్తిరించాను. చిగురు ఎంతో ముచ్చటగా వచ్చింది. నవంబరులో వచ్చిన వానలు, వరదలు మన జిల్లా వాళ్లెవరూ మర్చిపోరు. వాన తెరిపిచ్చి మేడ మీదికి వెళ్లేసరికి మొక్కల మీద ఒక్క ఆకు లేదు, కొమ్మలు సగం దాకా బొగ్గులా ఉన్నాయి. ఏడింటిలో నాలుగు పోయాయి. కత్తిరించకుండా వదిలేసిన పాత ఎర్ర మొక్కలు మాత్రం ఆకులు రాలినా బతికాయి. ఆ ఏడాది నుంచి నా క్యాలెండర్ మార్చేశాను.

2023లో డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకు ముందు రెండు రోజులు మన వైపు కురిసిన వాన మీకు తెలిసిందే. డిసెంబరు మొదటి వారం కూడా నమ్మలేం అనడానికి అదే ఉదాహరణ. ఆ ఏడాది డిసెంబరు 18న కత్తిరించాను. ఒక్క కొమ్మ కూడా నల్లబడలేదు. ఫిబ్రవరి మొదటి వారంలో ప్రతి మొక్కా గుత్తులతో నిండిపోయింది. మన ఊళ్లో గులాబీకి అసలైన పండగ సంక్రాంతి కాదండీ, ఫిబ్రవరి. మార్చి మూడో వారం దాకా ఆ అందం ఉంటుంది.

అయినా సంక్రాంతికి నాలుగు పూలు కావాలి అంటారా, దానికో దారి ఉంది. నవంబరు చివర్లో వాన లేని రెండు రోజులు చూసుకుని, కొమ్మలు కోయకుండా, వాడిన గుత్తుల్ని మాత్రం వాటి కింద ఉన్న మొదటి అయిదు రెక్కల ఆకు దాకా తుంచండి. అక్కణ్నుంచి వచ్చే చిగురు నలభై అయిదు రోజులకు, అటూ ఇటుగా పండక్కి పూస్తుంది. పూలు తక్కువే, చిన్నవే. కానీ మొక్కకు ప్రమాదం లేదు.

పసుపుకే ఈ నల్లమచ్చ ఎక్కువెందుకు

ఇది మీ తప్పు కాదు. దాని వంశంలోనే ఉంది. పాతకాలం తోట గులాబీల్లో చిక్కటి పసుపు లేదు. పర్షియన్ ఎల్లో అనే ఒక గులాబీలో ఆ రంగు ఉండేది. ఫ్రాన్స్‌లో లియాన్ నగరానికి చెందిన జోసెఫ్ పెర్నె-డ్యూషే ఏళ్ల తరబడి దాన్ని తోట గులాబీలతో సంకరం చేసి 1900లో సొలే దోర్ అనే రకం విడుదల చేశాడు. ఇప్పుడు మన పెరట్లో ఉన్న చిక్కటి పసుపు గులాబీల రంగు చాలావరకు ఆ దారిలో వచ్చిందే. రంగుతో పాటు ఆ పర్షియన్ మొక్కకున్న నల్లమచ్చ బలహీనత కూడా వచ్చేసింది. ఇక గుత్తులుగా పూసే గుణం డెన్మార్క్‌లో పౌల్సెన్ కుటుంబం వాళ్లు చిన్న పూల పాలియాంథా రకాల్ని పెద్ద పూల హైబ్రిడ్ టీలతో కలపడం వల్ల వచ్చింది. 1924 నాటి ఎల్స్ పౌల్సెన్ వాటిలో పేరున్నది. ఆ గుణం వల్లే ఫ్లోరిబండా ఒక్కో కొమ్మకు ఒకే పువ్వు కాకుండా గుత్తి గుత్తి ఇస్తుంది, ఎండకు కూడా హైబ్రిడ్ టీ కంటే ఎక్కువ ఓర్చుకుంటుంది. అందుకే మన జిల్లాకు పసుపు గులాబీ కావాలంటే ఫ్లోరిబండాలో తీసుకోండి అని అందరికీ చెప్తాను.

నల్లమచ్చకు ఇప్పుడు చేయాల్సింది ఇది. మచ్చ ఉన్న ఆకులన్నీ, రాలినవాటితో సహా, ఏరి కాల్చేయండి. కంపోస్టులో వేయొద్దు. నేల నుంచి జానెడు ఎత్తు వరకు ఉన్న ఆకులు బాగున్నా తీసేయండి, వాన చినుకు మట్టి మీద పడి ఎగిరి తెగులును పైకి తీసుకెళ్లేది ఆ కింది ఆకుల మీద నుంచే. తర్వాత లీటరు నీటికి మాంకోజెబ్ రెండున్నర గ్రాములు కలిపి ఆకు పైనా కిందా తడిసేలా కొట్టండి. పది రోజులకు మళ్లీ కొట్టాలి. మూడోసారి మందు మార్చి హెక్సాకోనజోల్ రెండు మిల్లీలీటర్లు వాడండి. ఎప్పుడూ ఒకే మందు కొడితే తెగులు దానికి అలవాటు పడుతుంది. మందు వాన వచ్చే ముందు పనిచేస్తుంది, వచ్చిపోయాక కాదు. వాతావరణ శాఖ అల్పపీడనం అని చెప్పిన రోజునే నేను స్ప్రేయర్ తీస్తాను. ముఖానికి గుడ్డ, చేతులకు గ్లౌజులు తప్పనిసరి, పెరట్లో కోసుకునే ఆకుకూరల మీద తుంపర పడకూడదు.

వేపనూనె కొడితే చాలదా అని చాలామంది అడుగుతారు. పురుగులకు సరే, పదిలంగా వాడుకోవచ్చు. ముసురు రోజుల్లో నల్లమచ్చను ఆపేంత బలం దానికి లేదు. నేను రెండేళ్లు ప్రయత్నించే చెప్తున్నాను.

నీళ్లు: నా ఉద్దేశంలో అసలు సమస్య ఇదే

చిగురు పసుపుగా వస్తోంది అన్నారు కదా. మీరు ఫొటో పెట్టలేదు కాబట్టి మీరే చూసుకోండి. కొత్త ఆకు పసుపుగా ఉండి, ఈనెలు మాత్రం పచ్చగా వలలా కనిపిస్తే అది ఇనుము లోపం. చిగురు బాగుండి కింది ముదురాకులు మొత్తం పసుపు తిరిగితే నత్రజని తక్కువైనట్టు, లేదా వేళ్ల దగ్గర నీళ్లు నిలుస్తున్నట్టు. ఆకు అంచులు కాలినట్టు గోధుమ రంగులోకి మారితే ఉప్పు. ఈ మూడింటికీ మందులు వేరు వేరు. అన్నిటికీ ఎప్సమ్ సాల్ట్ వేసేవాళ్లను చూస్తుంటాను. అందులో ఉండేది మెగ్నీషియం, ఇనుము కాదు.

కావలి అంటున్నారు కాబట్టి ఇనుము లోపమే అయ్యుంటుందని నా అంచనా. మన తీరం పొడవునా బోరు నీళ్లు ఉప్పగానో, సున్నం ఎక్కువగానో ఉంటాయి. రొయ్యల చెరువులున్న ఊళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. బకెట్ అంచున తెల్లటి పొర కడుతుంటే అదే నీరు రోజూ మొక్కకు పోస్తున్నారని గుర్తు పెట్టుకోండి. ఆ సున్నం వల్ల నేల క్షారంగా మారుతుంది. నేలలో ఇనుము ఉంటుంది, కానీ వేరు దాన్ని తీసుకోలేదు. గులాబీకి కొద్దిగా పులుపున్న నేల ఇష్టం, పీహెచ్ 6 నుంచి 6.5 మధ్య.

నెల్లూరు వచ్చిన కొత్తలో నాకు ఇది తెలియదు. ఒంగోలులో మున్సిపల్ కుళాయి నీళ్లు పోసేదాన్ని. ఇక్కడ అద్దె ఇంట్లో బోరు ఒక్కటే. ఎనిమిది నెలల్లో ఆరు మొక్కలు కళ్ల ముందే పాలిపోయి ఎండిపోయాయి. ఎరువు తక్కువైందేమో అని ఇంకా ఇంకా వేశాను, ఇంకా త్వరగా పోయాయి. అప్పుడు పొదలకూరు నుంచి మా పెదనాయన వచ్చాడు. ఆయనకు నిమ్మతోట ఉండేది. మొక్కను చూడగానే "ఇదేంది, మా నిమ్మాకు మాదిరే ఉంది, అన్నభేది కొట్టు" అన్నాడు. నేను అంతవరకు గులాబీకి వేరే శాస్త్రం ఉంటుందనుకున్నాను.

ఆయన చెప్పిన పద్ధతే ఇప్పటికీ నాది. లీటరు మంచినీళ్లలో ముందు ఒక గ్రాము నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్ కలపాలి, తర్వాత 5 గ్రాముల అన్నభేది, అంటే ఫెర్రస్ సల్ఫేట్. ఈ వరుస ముఖ్యం. నీళ్లు లేత ఆకుపచ్చగా ఉంటేనే మందు మంచిది, తుప్పు రంగుకు తిరిగితే పారబోయండి. బోరు నీళ్లలో కలిపితే అలాగే తిరుగుతుంది, అందుకే తాగే నీళ్లు వాడమంటున్నాను. సాయంత్రం పూట ఆకులు తడిసేలా వారానికోసారి చొప్పున మూడు వారాలు కొట్టండి. రెండో వారానికి చిగురు పచ్చబడుతుంది. గచ్చు మీద పడితే తుప్పు మరక పోదు, కింద గోనెసంచి పరవండి. నేలలో వేయాలంటే చిలేటెడ్ ఐరన్‌లో ఇడిడిహెచ్‌ఎ రకం అడిగి తీసుకోండి, ఎర్రగా ఉంటుంది. ఇడిటిఎ రకం స్ప్రేకి పర్వాలేదు గానీ సున్నపు నేలలో వేస్తే వృథా.

ఇది తాత్కాలికం. నీళ్లు మారకపోతే రోగం తిరిగి వస్తుంది. నీళ్లలో కరిగిన ఉప్పును కొలిచే టీడీఎస్ మీటర్ కొన్ని వందల రూపాయల్లో వస్తుంది, ఒకటి కొనుక్కోండి. నా అనుభవంలో 600 లోపు ఉంటే ఏ ఆలోచనా లేకుండా పోసుకోవచ్చు. వెయ్యి దాటితే కుండీ మొక్కలు ఏడాది తిరక్కుండా చెడతాయి. ఇప్పుడు మా బోరు 1,350 చూపిస్తుంది. అందుకని మేడ మీద వాన నీళ్లు రెండు డ్రమ్ముల్లో పడతాను. వేసవిలో ఏసీ నీళ్లు బకెట్‌లో పడతాను, వాటిలో ఉప్పు దాదాపు ఉండదు. అవి కుండీలకు. నేలలో ఉన్నవాటికి బోరు నీళ్లే పోస్తాను, ఎందుకంటే మన నవంబరు వానలు నేలలోని ఉప్పును ఏటా కిందికి కడిగేస్తాయి. మొక్కకు తెగులు తెచ్చే వానే నేలకు ఈ మేలు కూడా చేస్తుంది. మీకు బోరు నీళ్లు తప్ప వేరే దారి లేకపోతే కుండీలో ఉన్నదాన్ని కూడా డిసెంబరులో నేలలోకి మార్చడమే మంచిది.

ఆర్వో మిషన్ బయటికి వదిలే నీళ్లు మాత్రం వద్దు. ఉప్పంతా ఆ నీళ్లలోనే ఉంటుంది. గుడ్డు పెంకులు, బూడిద కూడా మన నేలకు వేయకండి, అవి క్షారాన్ని ఇంకా పెంచుతాయి. డీఏపీ గుప్పెళ్లు గుప్పెళ్లు వేసినా భాస్వరం ఎక్కువై ఇనుము అందదు.

మట్టి ముద్ద సంగతి

బండి మీద కొన్నది అన్నారు కాబట్టి ఇది అడగాలి. నాటేటప్పుడు వేళ్ల చుట్టూ ఉన్న ఎర్రమట్టి ముద్దను తడిపి వదులు చేశారా, లేక కవరు చించి అలాగే పెట్టేశారా? ఆ ముద్ద ఎండితే రాయిలా అవుతుంది. మీరు పోసిన నీళ్లు దాని పక్కనుంచి జారిపోతాయి, లోపల వేరుకు చుక్క అందదు. వానల్లో అదే ముద్ద తడిసి ఆరక వేరు కుళ్లుతుంది. ఇప్పుడు నేలలో ఉన్నవాటిని కదిలించొద్దు. సన్నటి ఇనుప ఊచతో మొదలుకు జానెడు దూరంలో నాలుగైదు చోట్ల మెల్లగా గుచ్చి, ఆ కన్నాల్లో ఇసుక, వర్మికంపోస్టు నింపండి. కుండీలో ఉన్నదాన్ని డిసెంబరులో మార్చేటప్పుడు బకెట్ నీళ్లలో అరగంట నానబెట్టి, మట్టి దానంతటదే జారేలా చేయండి.

ఇంకోటి, అంటు కట్టిన చోట నర్సరీ వాళ్లు చుట్టిన ప్లాస్టిక్ టేపు ఉందేమో చూడండి. ఉంటే కోసి తీసేయండి. అంటు ముడి మట్టికి రెండు అంగుళాలు పైన ఉండాలి. దాని కిందనుంచి ఏడాకుల, తొమ్మిదాకుల సన్న రెమ్మ లేస్తే అది అడవి మొక్క చిగురు. కోయకండి, మొదట్లోకంటా పట్టి పెరికేయండి. మా ఎదురింటి ఆవిడ రెండేళ్లు దాన్నే ముద్దుగా పెంచి, పసుపు గులాబీ కాస్తా రంగు మారిపోయిందని బాధపడింది. రంగు మారలేదు, అంటు చచ్చిపోయి అడవి మొక్క మిగిలింది.

నేలలో కొత్తగా పెట్టేటప్పుడు అడుగున్నర లోతు, అంతే వెడల్పు గుంత తీసి ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, ఇసుక సమంగా కలిపి, రెండు వందల గ్రాముల వేపపిండి వేసి నింపండి. మొక్కకూ మొక్కకూ రెండున్నర అడుగులు. ఒంగోలు వైపు నల్లరేగడి అయితే గుంత కాదు, నేల మీద అడుగు ఎత్తు మడి కట్టి అందులో పెట్టాలి. నల్లరేగడిలో గుంత తీసి పెట్టడమంటే వానాకాలంలో మొక్కను బావిలో నిలబెట్టినట్టే.

పువ్వు తెల్లబడటం

పసుపు రంగునిచ్చే పదార్థం ఎండకు, వేడికి విరిగిపోతుంది. కాబట్టి కొంత వెలవడం సహజం. ఎంత వెలుస్తుందన్నది రకాన్ని బట్టి ఉంటుంది. ఆర్థర్ బెల్ మంచి వాసన, కానీ విచ్చుకున్నాక మీగడ రంగుకు తిరుగుతుంది. ఆల్‌గోల్డ్ చివరిదాకా రంగు నిలుపుకుంటుంది. జర్మనీ కోర్డెస్ వాళ్ల ఫ్రీజియా, దాన్నే సన్‌స్ప్రైట్ అని కూడా అంటారు, రంగూ నిలుస్తుంది వాసనా బాగుంటుంది. వెన్న రంగులో ఉండే జూలియా చైల్డ్ తెగులును కూడా తట్టుకుంటుందని పేరు, నా దగ్గర ఉన్న రెండూ నల్లమచ్చ తక్కువగానే చూపించాయి. బండి వాళ్లకు ఈ పేర్లు తెలియవు, "ఎల్లో బంచ్" అంటారు అంతే. పేరు కావాలంటే బెంగళూరు నుంచో కడియం నుంచో పేరు పెట్టి అమ్మే నర్సరీల్లో అడిగి తెప్పించుకోవాలి.

రకం ఏదైనా చోటు మారిస్తే సగం సమస్య తీరుతుంది. పొద్దున ఆరు నుంచి పన్నెండు దాకా పూర్తి ఎండ, ఆ తర్వాత నీడ. ఇంటికి తూర్పు గోడ పక్కన అలాంటి చోటు దొరుకుతుంది. పడమటి ఎండ తగిలే మేడ మీద ఏప్రిల్ వచ్చాక ఏ పసుపూ నిలవదు. పూజకు కోసుకునేవాళ్లయితే మొగ్గ సగం విచ్చినప్పుడే తెల్లారగట్ల కోయండి, గిన్నెలో నీళ్లలో పెడితే రంగు మూడు రోజులు ఉంటుంది. గుత్తి అంతా ఒకేసారి విచ్చాలంటే మధ్యలో ముందుగా లావెక్కే మొగ్గను బఠాణీ గింజంత ఉన్నప్పుడే గిల్లేయండి. మిగతావన్నీ కలిసి పూస్తాయి. శ్రావణ శుక్రవారానికి నేను అలాగే చేస్తాను.

పువ్వు తెల్లబడకుండా రేకుల అంచులు గోధుమ రంగులో గీతలు పడి, మొగ్గ సరిగా విచ్చకపోతే అవి తామర పురుగులు. లేత రంగు పూలంటే వాటికి ఇష్టం, ఎర్ర మొక్కను వదిలి పసుపు మీదికే ముందు వస్తాయి. తెల్ల కాగితం మీద పువ్వును దులిపితే సన్నటి నూలు ముక్కల్లా పాకుతూ కనిపిస్తాయి. పాడైన మొగ్గలు తుంచి పారేయడం, నీలం రంగు జిగురు అట్టలు కట్టడం, వారానికోసారి వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు సబ్బునీళ్లతో కలిపి కొట్టడం. అప్పటికీ తగ్గకపోతే స్పైనోశాడ్ లీటరుకు 0.3 మిల్లీలీటర్లు, అదీ తేనెటీగలు వెళ్లిపోయాక సాయంత్రం పూట. ఒంగోలులో ఉన్నప్పుడు మా అత్తగారు కొండపి నుంచి పొగాకు కాడలు తెప్పించి కషాయం కాచి పేనుబంకకు కొట్టేవారు. బాగా పనిచేసేది. కానీ అది విషమే, చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దు.

డిసెంబరులో కత్తిరించడం

పదిహేనో తారీఖు దాటాక, నాలుగు రోజులు వాన సూచన లేకుండా చూసుకుని మొదలుపెట్టండి. ముందు ఎండినవి, పెన్సిల్ కంటే సన్నవి, లోపలికి పెరిగి ఒకదానికొకటి రాసుకునేవి తీసేయండి. మిగిలిన అయిదారు మంచి కొమ్మల్ని మూడో వంతు మాత్రమే తగ్గించండి. హైబ్రిడ్ టీని కోసినట్టు మోకాలి కిందికి కోయొద్దు, పసుపు ఫ్లోరిబండా ఆ దెబ్బకు లేవదు. మీవి ఇంకా ఏడాది కూడా నిండని మొక్కలు కాబట్టి ఈసారి పావు వంతు చాలు. బయటికి చూసే కన్నుకు, అంటే చిగురు వచ్చే చోటుకు, పావు అంగుళం పైన, ఏటవాలుగా. ప్రతి మొక్కకూ ముందు కటర్‌ను స్పిరిట్‌తో తుడవండి. కోసిన చివరలకు కాపర్ ఆక్సీక్లోరైడ్ నీళ్లతో ముద్దలా కలిపి రాయండి. కోసిన కొమ్మ లోపల మధ్యలో ఉండే దూది లాంటి మెత్తటి భాగం గోధుమ రంగులో కనిపిస్తే తెలుపు వచ్చేదాకా ఇంకా కిందికి కోయాలి.

కోసిన వారానికి ఎరువు. మొక్కకు రెండు గుప్పెళ్లు వర్మికంపోస్టు, గుప్పెడు వేపపిండి. చిగురు రెండంగుళాలు వచ్చాక పదిహేను రోజులకోసారి వేరుశనగ చెక్క నీళ్లు. వంద గ్రాముల చెక్క లీటరు నీళ్లలో మూడు రోజులు నానబెట్టి, పదింతలు పలుచన చేసి పోయండి. ఏప్రిల్ మధ్యలో ఎరువు ఆపేయాలి. మే నెలలో, ముఖ్యంగా రోహిణి కార్తెలో వడగాడ్పు కొట్టేటప్పుడు మొక్కకు తిండి కాదు కావలసింది, చల్లదనం. పాదులో రెండంగుళాల మందాన వేరుశనగ పొట్టు పరవండి, పైన గ్రీన్‌నెట్ కట్టండి, వచ్చిన మొగ్గల్ని గిల్లేయండి. ఆకు వెనక దుమ్ములా కనిపించి సన్నటి సాలెగూడు పడితే ఎర్ర నల్లి. మందు కంటే ముందు పైపుతో ఆకుల వెనక గట్టిగా నీళ్లు కొట్టండి, పొద్దున్నే, మూడు రోజులకోసారి. ఎండలు ముదిరాక గంధకం మందు వాడకండి, ఆకు మాడుతుంది.

ఈ వారంలో చేయాల్సినవి వరుసగా మళ్లీ చెప్తాను, వానలు దగ్గరికొచ్చేశాయి కాబట్టి. మచ్చ ఆకులు ఏరి కాల్చండి. మాంకోజెబ్ కొట్టండి. మూడు రోజులు ఆగి అన్నభేది, రెండూ కలిపి కొట్టొద్దు. పాదు చుట్టూ నీళ్లు నిలవకుండా కాలువ తీయండి. ఈదురుగాలికి వేరు కదలకుండా ఒక్కో మొక్కకు కర్ర పాతి గుడ్డ పేలికతో వదులుగా కట్టండి. కుండీని గోడ వారకు జరిపి, అడుగున రెండు ఇటుకలు పెట్టండి.

చిగురు దగ్గరగా తీసిన ఫొటో ఒకటి, నీళ్ల టీడీఎస్ ఎంతో ఇక్కడే రాయండి. డిసెంబరులో కత్తిరించే ముందు మూడు మొక్కల ఫొటోలు నాలుగు వైపుల నుంచీ తీసి పెడితే ఏ కొమ్మ ఉంచాలో, ఏది తీయాలో గీసి చూపిస్తాను.